షట్టర్ వేగాన్ని కొలవబోయి

యాంత్రిక షట్టర్ ఉన్న పాత ఫిల్మ్ కెమెరా చేతికి వచ్చినప్పుడల్లా నాకు మొదట కలిగే సందేహం, డయల్ మీద చెక్కిన 1/1000కూ (అంటే సెకనులో వెయ్యో వంతుకూ) లోపల నిజంగా జరిగే పనికీ ఎంత తేడా ఉందన్నదే. ఆ తేడా తెలుసుకోవడానికి వెలుగు పడితే విద్యుత్తును ప్రవహించనిచ్చే ఫోటోట్రాన్సిస్టర్ ఒకటి, ఒక రెసిస్టర్, ఆర్డుయినో అనే చిన్న ప్రోగ్రామబుల్ బోర్డు ఒకటి చాలు. లెన్స్ తీసి, కెమెరా వెనుక తలుపు తెరిచి, ఫిల్మ్ ఉండవలసిన చోట ఫోటోట్రాన్సిస్టర్‌ను నిలిపి, ముందు నుంచి వెలుగు ప్రసరింపజేసి షట్టర్ నొక్కితే, ఆ వెలుగు ఎంతసేపు పడిందో బోర్డు లెక్కగడుతుంది. 16 మెగాహెర్ట్జ్ బోర్డు కాలాన్ని 4 మైక్రోసెకన్ల అంచెలలో లెక్కిస్తుంది కాబట్టి, ఒక మిల్లీసెకనును కొలవడం దానికి పెద్ద పని కాదు.

వెలుగు విషయంలో మొదటే ఒక పాఠం నేర్చుకున్నాను. 50 హెర్ట్జ్ విద్యుత్తుతో వెలిగే బల్బు సెకనుకు 100 సార్లు మినుకుమంటుంది. కంటికి అది తెలియదు గాని ఫోటోట్రాన్సిస్టర్‌కు తెలుస్తుంది, అందుకే 1/15 దగ్గర ఒక్క వెలుగుకు బదులు ఆరేడు తునకలు నమోదయ్యాయి. బ్యాటరీ టార్చితో, అదీ కాంతి తగ్గించకుండా పూర్తిగా వెలిగించినప్పుడు, ఆ చిక్కు తీరింది.

అసలు చిక్కు ఆ తరువాత వచ్చింది. అడ్డంగా కదిలే గుడ్డ తెరల కెమెరాను పరీక్షించగా 1/30 దాదాపు సరిగానే ఉన్నా, 1/125 అనుకున్నది 1/103గా, 1/500 అనుకున్నది 1/270గా, 1/1000 అనుకున్నది 1/375గా తేలాయి. స్ప్రింగులు సడలిపోయాయని నిర్ధారించుకుని స్క్రూడ్రైవర్ కూడా చేతిలోకి తీసుకున్నాను. అయితే అంకెలను మిల్లీసెకన్లలోకి మార్చి చూసేసరికి, ప్రతి వేగం దగ్గరా అదనంగా కలిసినది ఇంచుమించు ఒకే మొత్తం, 1.7 మిల్లీసెకన్లు. సడలిన స్ప్రింగు అంత నియమబద్ధంగా తప్పు చేస్తుందా?

ఇలా ఫిల్ముకు సరిగ్గా ముందు తెరలు కదిలే షట్టర్‌ను ఫోకల్ ప్లేన్ షట్టర్ అంటారు; ఎక్కువ వేగాల్లో అది ఫ్రేమంతటినీ ఒకేసారి తెరవదు. రెండు తెరల నడుమ సన్నని చీలిక ఒకటి ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెడుతుంది. 36 మిల్లీమీటర్ల వెడల్పును తెర 12 మిల్లీసెకన్లలో దాటుతుందనుకుంటే, 1/1000 వద్ద చీలిక 3 మిల్లీమీటర్లే ఉంటుంది. నా ఫోటోట్రాన్సిస్టర్ ముఖం 5 మిల్లీమీటర్లు. చీలిక ముందు అంచు దానిని తాకినప్పటి నుంచి వెనుక అంచు వదిలేవరకు 8 మిల్లీమీటర్ల ప్రయాణం, అంటే 2.7 మిల్లీసెకన్లు. లేని జబ్బును కెమెరాకు అంటగట్టింది నా పరికరమే.

నల్లని అట్టముక్కకు 1 మిల్లీమీటరు రంధ్రం చేసి ఫోటోట్రాన్సిస్టర్ ముందు అంటించాను. దానితోపాటు, వెలుగు కాస్త తగలగానే లెక్క మొదలుపెట్టే పద్ధతిని మార్చి, సంకేతం తన గరిష్ఠంలో సగానికి చేరిన క్షణం నుంచి తిరిగి సగానికి పడిపోయే క్షణం వరకు కొలిచేలా ప్రోగ్రామును సవరించాను. రంధ్రం చీలిక కంటే చిన్నదైనంత కాలం ఈ సగం ఎత్తు కొలత నిజమైన వ్యవధినే ఇస్తుంది. అప్పుడు ఫ్రేము మధ్యలో 1/1000 వేగం 1/950గా తేలింది. స్క్రూడ్రైవర్‌ను డబ్బాలో పెట్టేశాను.

మధ్యలో బాగుందని అంతటా బాగుంటుందని కాదు. రంధ్రాన్ని తెర బయలుదేరే అంచుకు జరిపితే 1/800, చేరే అంచుకు జరిపితే 1/1150 వచ్చాయి. రెండో తెర మొదటిదానికంటే వేగంగా పరుగెడుతూ చీలికను దారిలోనే ఇరుకు చేస్తోందన్నమాట. రెండు కొసల మధ్య తేడా సుమారు అర స్టాపు (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు లేదా సగం కావడం). ఒక్క సెన్సరుతో వేర్వేరు నొక్కుళ్లను పోల్చవలసి వస్తుంది కాబట్టి, ప్రతి చోటా పదేసి సార్లు నొక్కి సగటు తీశాను. చాలాకాలం కదలని షట్టర్ మొదటి రెండు మూడు సార్లు బద్ధకిస్తుంది, వాటిని లెక్కలోకి తీసుకోలేదు. మూడు సెన్సర్లతో అమ్మే పరికరాలకు డబ్బు పెట్టడం ఇక్కడే సబబు, ఎందుకంటే అవి ఒకే నొక్కుతో మూడు చోట్ల వ్యవధినీ, ఒక్కో తెర ప్రయాణ కాలాన్నీ చూపుతాయి. తెరలకు బదులు లెన్స్‌లోనే రేకులు తెరుచుకునే లీఫ్ షట్టర్లు మాత్రమే వాడేవారికి అంత అవసరం లేదు.

నెగటివ్ ఫిల్ముకు అర స్టాపు పెద్ద లెక్క కాదు గాని, నేరుగా అసలు రంగుల బొమ్మనిచ్చే స్లైడు ఫిల్ములో ఆకాశం ఒక పక్క పాలిపోయినట్టు కనిపిస్తుంది. అందుకని కెమెరా అడుగున చిన్న కాగితం అంటించి, కొలిచిన వేగాలన్నీ రాసి, 1/1000 పక్కన ‘నెగటివ్‌కు మాత్రమే’ అని చేర్చాను.