గోల్ కొట్టే కాలు, గోల్ నేర్పే నోరు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు మన కుర్రాళ్లలో ముప్పై దాటిన స్ట్రైకర్లు బూట్లు పక్కన పెట్టగానే కోచ్‌లుగా విజిల్ అందుకుంటారు. మంచిదే. అయితే స్ట్రైకర్‌కి ఓ చిక్కుంది: గోల్ ఎలా పడిందో కాలికి తెలుసు, నోటికి రాదు. అందుకే గీత పక్కన నిలబడి "కొట్రా, కొట్టు!" అని అరుస్తాడు. ఎక్కడ నిలబడి కొట్టాలో మాత్రం చెప్పడు.

ఆటలో సంపాదించిన పేరు ఇక్కడ అక్కరకు రాదు. ఫ్రాన్స్‌కి 51 గోల్స్ కొట్టిన థియెరీ హెన్రీ 2018 అక్టోబరులో మొనాకో క్లబ్ కోచ్‌గా చేరి 2019 జనవరిలోనే బయటికొచ్చాడు. మాంచెస్టర్ యునైటెడ్ స్ట్రైకర్ సోల్‌షేర్ దారి వేరు. 1999 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో బెంచీ మీంచి లేచొచ్చి గెలుపు గోల్ కొట్టినవాడు, కోచింగ్‌ని 2008లో మాంచెస్టర్ యునైటెడ్ రిజర్వు జట్టుతో మొదలుపెట్టాడు. ఆ తర్వాతే నార్వేలో మోల్డే క్లబ్‌కి వెళ్లి 2011, 2012 లీగులు గెలిపించాడు. మీరూ పన్నెండేళ్ల పిల్లలతోనే మొదలుపెట్టండి, పిల్లల సైజైన నాలుగో నంబరు బంతితో. కోచింగ్ లైసెన్సు మెట్లు ఎలాగూ ఉన్నాయి: ముందు డి, తర్వాత సి, బి, ఎ, ప్రో. వివరాలకు రాష్ట్ర ఫుట్‌బాల్ సంఘాన్ని అడగాలి.

ఇక అసలు పనికొద్దాం. ఫినిషింగ్‌లో, అంటే బంతిని గోల్‌లోకి పంపే పనిలో, సగం పైన బంతి రాకముందే అయిపోతుంది. బంతి వింగ్‌లో, అంటే మైదానం పక్క అంచున, ఉండగానే ఒకసారి భుజం మీంచి చూడాలి, గోలీ ఎక్కడ, డిఫెండర్ ఎక్కడ అని. దగ్గరి పోస్టు వైపు రెండడుగులు గట్టిగా వేసి, డిఫెండర్ వెంటపడగానే ఆగి అతని వీపు వెనక్కి జారుకోవాలి. బంతినీ మనిషినీ ఒకేసారి చూడలేడు కాబట్టి కాస్త ఖాళీ దొరుకుతుంది. ఒళ్లు సగం తిప్పి ఉంచితే బంతీ గోలూ రెండూ కంట్లో పడతాయి.

కొట్టేటప్పుడు, నిలబడే కాలు బంతి పక్కన జానెడు దూరంలో, వేళ్లు గురివైపు ఉండాలి. ఆ కాలు వెనకబడితే నడుము వెనక్కి వాలి బంతి బార్ మీంచి పోతుంది. పిల్లలు దాన్ని బలం ఎక్కువై పోయిందనుకుంటారు, మనమూ చప్పట్లు కొడతాం! చీలమండ బిగించకపోతే షాట్ చచ్చిపోతుంది. గడ్డి లేని ఎర్రమట్టి గ్రౌండ్‌లో బంతి ఆఖరి క్షణంలో ఎగురుతుంది కాబట్టి పెద్ద ఊపు వద్దు, పాదం లోపలి వైపుతో చిన్న ఊపు చాలు. బంతిలో గాలి ఒత్తిడి 8.5 నుంచి 15.6 పీఎస్ఐ వరకు ఉండొచ్చు. ఇలాంటి నేల మీద కింది అంకెకు దగ్గరగా ఉంచితే తక్కువ ఎగురుతుంది. పొద్దున నింపిన బంతి మధ్యాహ్నం ఎండకి గట్టిపడుతుంది, మళ్లీ చూడండి.

గోల్ వెడల్పు 7.32 మీటర్లు. రెండు పోస్టులకీ మీటరు లోపలగా బార్ నుంచి తాడు వేలాడదీసి, పోస్టుకీ తాడుకీ మధ్య సందుల్లోంచి పోయినవే లెక్కపెట్టండి. బంతి అందించేవాడు పెనాల్టీ బాక్స్ పక్క అంచు నుంచి, 11 మీటర్ల పెనాల్టీ చుక్కకీ గోల్ ముందున్న చిన్న బాక్స్ 5.5 మీటర్ల గీతకీ మధ్యలోకి వెనక్కి తోయాలి. నలుగురేసి గుంపు, ఒక్కొక్కరికి ఎనిమిది షాట్లు, మూడు విడతలు. మొదటి విడతలో డిఫెండర్ ఉండడు, రెండో విడతలో నడుస్తాడు, మూడో విడతలో నిజంగా అడ్డుపడతాడు. అంతకు మించితే కాళ్లు అలిసి తప్పుడు అలవాటే స్థిరపడుతుంది. పదిహేనుమందిని ఒకే వరుసలో నిలబెట్టి, ఆపి ఉంచిన బంతిని దూరం నుంచి కొట్టించడం మాత్రం వద్దు. మ్యాచ్‌లో మీకోసం బంతిని ఎవరు ఆపి పెడతారు?

తెలుగు, ఒడియా, సవర మాట్లాడే పిల్లలు ఒకే జట్టులో ఉంటారు. "టర్న్", "వెనక మనిషి" లాంటి పిలుపులు నాలుగైదు ముందే ఖాయం చేసుకోవాలి.

ఫార్వర్డ్‌గా ఆడి కోచ్‌లైనవాళ్లు తరచూ మరిచేది మిగతా పదిమందిని. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత జట్టు కోచ్, మన హైదరాబాదు రహీం సాబ్, తలకి దెబ్బ తగిలిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని ఫార్వర్డ్‌గా ఆడించారు. ఫైనల్లో దక్షిణ కొరియాపై 2–1 గెలుపులో ఒక గోల్ అతనిదే. ఇంకో గోల్ కొట్టిన పీకే బెనర్జీ తర్వాత ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్‌లకు పెద్ద కోచ్ అయ్యారు. ఎవరిని ఎక్కడ పెట్టాలో తెలియాలంటే ప్రాక్టీసు మ్యాచ్‌లో మొదటి పావుగంట అవతలి గోల్ వైపు పోకుండా మీ గోలీ వెనకే నిలబడండి. మీ సెంటర్ బ్యాక్ (మధ్య డిఫెండర్) ఎవరిని వదిలేస్తున్నాడో అక్కణ్నుంచే కనిపిస్తుంది.