గంట తరలిపోయిన ఊరు

మెక్సికోలోని గ్వానహ్వాతో నుంచి డొలోరెస్ హిదాల్గో అనే ఊరికి వెళ్ళే బస్సు శాంతా రోసా కొండల మలుపుల్లో కడుపు తిప్పేసినా నేను ఓర్చుకున్నది ఒక్క గంట కోసమే. 1810 సెప్టెంబరు 16 తెల్లవారుజామున మిగెల్ హిదాల్గో అనే పాద్రీ ఆ గంట మోగించి స్పెయిన్ పాలనపై జనాన్ని తిరగబడమన్నాడు. గులాబీ రంగు రాతి చర్చి ముందు నిలబడి ఫొటోలు తీస్తూంటే, పక్కన బూట్లు పాలిష్ చేయించుకుంటున్న పెద్దాయన "అది అసలుది కాదయ్యా" అన్నాడు. నాకొచ్చిన నాలుగు స్పానిష్ ముక్కలకూ ఆ మాట బాగానే అర్థమైంది. అప్పటి దేశాధ్యక్షుడు పోర్ఫిరియో దియాస్ 1896లోనే అసలు గంటను రాజధానికి తరలించుకుపోయాడట. ఏటా సెప్టెంబరు 15 రాత్రి దేశాధ్యక్షులు జాతీయ భవనం మీది నుంచి మోగించేది దానినే. చదవకుండా బయలుదేరిన నా మీద నాకే ఒళ్ళు మండింది.

ఇక చేసేది లేక పాద్రీగారి ఇంటికి, పాత జైలులో పెట్టిన మ్యూజియానికి వెళ్ళాను. తిరుగుబాటు కుట్ర బయటపడిందని అర్ధరాత్రి కబురందగానే ఆయన ముందుగా ఖైదీలను విడిపించాడు. ఆ రోజు ఆదివారం కావడంతో పూజకు వచ్చినవాళ్ళే తొలి సైన్యమయ్యారు. అయితే నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది యుద్ధం కాదు. 1803లో ఈ చర్చి బాధ్యత తీసుకున్న ఆ మనిషి ఊరివాళ్ళ చేత కుండలు చేయించాడు, పట్టుపురుగులు పెంచించాడు, ద్రాక్షతోటలు వేయించాడు. గంట పోయినా కుమ్మరిపని మాత్రం ఊరిలోనే నిలిచింది. నీలం, పసుపు పువ్వుల పింగాణీ అంగళ్ళు వీధుల పొడవునా కనిపిస్తాయి.

సాయంత్రానికి ఊరంతా చౌకులోకి చేరింది. ఐస్‌క్రీం బండివాడు అడగకముందే పుల్ల మీద రొయ్యల ఐస్‌క్రీం కొంచెం అందించాడు. ఉప్పూ తీపీ కలిసిన ఆ చల్లని రొయ్య నోట్లో కరిగే వరకూ అతను నా మొహమే చూస్తున్నాడు. నేను మౌనంగా అవకాడో వైపు వేలు చూపించాను. రెండు గరిటెల ఐస్‌క్రీంకు విదేశీ ధర వేశాడని నా అనుమానం, ఎందుకంటే నా వెనక నిలబడ్డ స్కూలు పిల్ల ఇచ్చిన నాణేలు నావాటిలో సగం కూడా లేవు. అయినా బెంచీలో ఇద్దరు ముసలమ్మలు జరిగి చోటిస్తే, మా ఊరి రచ్చబండ మీద కూర్చున్నంత స్థిమితంగా దానిని ముగించాను.

చివరి బస్సుకు ముందు ఒక పింగాణీ కప్పు కొన్నాను. అంగడామె పాత పేపరు నాలుగు మడతలు చుట్టి ఇచ్చినా, ఆ కొండ మలుపుల్లోనే దాని చెవి విరిగింది.