డికాషన్ రంగు ఆయిల్

ఈ ఉదయం నా ఆటోమేటిక్ గేర్ల కారును సెల్లారులోంచి బయటికి తీస్తూ గేరును ‘పీ’ (పార్క్) నుంచి ‘డీ’ (డ్రైవ్)కి మార్చాను. బండి ఒక క్షణం ఆలోచించినట్లు ఆగి, ఆ తరువాత చిన్న కుదుపుతో కదిలింది. నెల రోజులుగా చలి ఉదయాల్లో ఇలాగే జరుగుతున్నా, వేడెక్కితే అదే సర్దుకుంటుందని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. 78,000 కిలోమీటర్లు తిరిగిన ఈ బండికి ఇంజిన్ ఆయిల్ ఏటా మార్పిస్తున్నాను గాని, గేరుబాక్సు ఆయిల్ ఒక్కసారి కూడా మార్పించలేదు. కొన్న రోజున అది జీవితాంతం ఉంటుందని చెప్పారు, నేను నమ్మాను. రాత్రి మాన్యువల్ తీసి చదివితే, ఆగి ఆగి నడిచే ట్రాఫిక్కు, విపరీతమైన ఎండ ఉన్నచోట ఆ ఆయిల్‌ను మార్చవలసిందేనని అందులో స్పష్టంగా ఉంది. కూకట్‌పల్లి నుంచి మాదాపూరుకు రోజూ వెళ్లివచ్చే నా బండికి ఆ రెండూ ఉన్నాయి.

మధ్యాహ్నం సెలవు పెట్టి మెకానిక్ షెడ్డుకు తీసుకువెళ్లాను. బోల్టు విప్పగానే దిగిన ఆయిల్ చిక్కటి కాఫీ డికాషన్‌లా ఉంది. పక్కనే తెరిచిన కొత్త డబ్బాలోది దానిమ్మ రసంలా ఎర్రగా ఉంది. మెకానిక్ వాసన చూసి, “మాడలేదు సార్, సమయానికి తెచ్చారు” అన్నాడు. అడుగు పళ్లెం దించి, అందులోని అయస్కాంతానికి అంటుకున్న నల్లటి ముద్దను నా వేలిమీద పెట్టాడు. కాటుకంత మెత్తగా ఉంది. ఆ మెత్తదనం మామూలు అరుగుదలేనని, పలుకులు తగిలి ఉంటే గేరుబాక్సు విప్పవలసి వచ్చేదని చెప్పాడు. కుర్రవాడు వేరే డబ్బా ఒకటి తెస్తే, అది సీవీటీ (గేర్లకు బదులు బెల్టుతో నడిచే ఆటోమేటిక్) బళ్లది, దీనిలో పోస్తే పాడవుతుందని వెనక్కు పంపాడు. ఆ జాగ్రత్త చూశాక అతనిపై నాకు పూర్తి నమ్మకం కుదిరింది.

క్లచ్ పెడల్ లేదని సంతోషించాను గాని, నా ఎడమ కాలు మానేసిన పని ఎవరు చేస్తున్నారో ఇన్నాళ్లూ ఆలోచించలేదు. ఇంజిన్ తిప్పే రెక్కల చక్రం ఆయిల్‌ను విసిరితే, ఆ ఉరవడికి ఎదుటి చక్రం తిరిగి గేర్లకు శక్తినిస్తుంది. లోపలి క్లచ్ ప్లేట్లను నొక్కేదీ, పళ్లచక్రాలను తడిపేదీ, వేడిని మోసుకుపోయేదీ ఆ ఆయిలే. మార్చేటప్పుడు పాతది సగం వరకే దిగుతుంది, మిగిలినది చాలావరకు ఆ రెక్కల చక్రాలుండే టార్క్ కన్వర్టరులోనే ఉండిపోతుంది. అందువల్ల కొంత దూరం తిరిగాక మరోసారి మార్చాలి.

పోయిన నెల శ్రీశైలం వెళ్లినప్పుడు, దోమలపెంట దాటి కృష్ణ వైపు దిగే మలుపుల్లో ‘డీ’లోనే ఉంచి బ్రేకు తొక్కుతూ వచ్చానని మెకానిక్‌తో చెప్పాను. చక్రాల దగ్గర కమురు వాసన వచ్చింది నిజమే. అలాంటి దిగుడులో చిన్న గేరు వేసి ఇంజిన్‌తోనే బండిని పట్టి ఉంచాలన్నాడు. పెట్రోలు మిగులుతుందని కొందరు న్యూట్రల్‌లో దింపుతారు. అప్పుడు ఆ పట్టు పూర్తిగా పోతుంది. అది ప్రాణాల మీదికి తెచ్చే పని.

బండిని షెడ్డు ముందున్న వాలు నుంచి తీసినప్పుడు ‘టక్’మన్న శబ్దం విని అతను ఇంకొకటి చూపించాడు. ‘పీ’లో బండిని ఆపేది పళ్లచక్రంలో ఇరుక్కునే ఒక చిన్న ఉక్కు కొక్కెం మాత్రమే. మా సెల్లారు ర్యాంపు మీద ఇన్నేళ్లూ నేను బండి బరువంతా దాని మీదే వేశాను.

సాయంత్రం ర్యాంపు మీద ఆపి, కాలితో బ్రేకు నొక్కి ఉంచుతూనే న్యూట్రల్‌కు మార్చి, హ్యాండ్ బ్రేకు లాగి, కాలి బ్రేకు వదిలాను. బండి హ్యాండ్ బ్రేకు మీద కుదురుకున్నాక మళ్లీ బ్రేకు నొక్కి ‘పీ’ వేశాను. భోజనాలయ్యాక కూరగాయల కోసం బండి తీస్తే ‘టక్’మనలేదు, పక్క సీట్లోని మా ఆవిడ, “ఈ రోజు చప్పుడు రాలేదేమండీ?” అని అడిగింది.

మీటరు 78,412. రెండో మార్పు 80,000 దగ్గర.