పంటు మీద కొరియన్ పాట

నర్సాపురం స్టేషన్లో దిగి కారెక్కితే చించినాడ వంతెన మీదుగా వెళ్ళిపోవచ్చు. కానీ పంటెక్కి (మనుషుల్నీ బళ్ళనీ రేవు దాటించే పెద్ద పడవ) గోదారి పాయ వశిష్ట దాటకపోతే నాకు పుట్టింటికి వెళ్ళినట్టే ఉండదు. జర్మనీలో మా అమ్మాయికి బడి సెలవులు వచ్చేది సరిగ్గా గోదారికి వరదొచ్చే రోజుల్లో. నీళ్ళు పెరిగితే పంటు ఆపేస్తారు. ఈసారి అదృష్టం, తిరుగుతోంది.

మమ్మల్ని తీసుకెళ్ళడానికి మా అక్క కూతురు నర్సాపురం దాకా వచ్చింది. అది ఇంటరు, మాది ఎనిమిదో క్లాసు. మాదానికి తెలుగు అర్థమవుతుంది గానీ నోరు తెరవాలంటే మొహమాటం. దానికి ఇంగ్లీషు చదవడం వచ్చు, మాట్లాడాలంటే బిడియం. ఇద్దరూ నవ్వుకుని ఊరుకోవడమే ఎప్పుడూ. అలాంటిది మోటారు సైకిళ్ళకీ కొబ్బరికాయల బస్తాలకీ మధ్య నిలబడి, ఒకే ఇయర్‌ఫోన్స్ చెరో చెవిలో పెట్టుకుని, సఖినేటిపల్లి రేవు చేరేలోపే గొంతెత్తి పాడేస్తున్నారు. కొరియన్‌లో! పక్కనున్న పెద్దాయన, "ఏ ఊరు పిల్లలండీ?" అని అడిగారు. "ఇక్కడోళ్ళేనండి" అన్నాను.

ప్రవాసంలో తల్లిదండ్రులం కలిస్తే ఒకటే పాట: పిల్లలకి తెలుగు అర్థం కాదు, అందుకే మన పాటలు వినరు. నాకు ఈ మాట మీద నమ్మకం లేదు. మా పిల్లకి కొరియన్ ఒక్క ముక్క రాదు. బీటీఎస్ అనే కొరియన్ బ్యాండు వాళ్ళు 2020లో పూర్తిగా ఇంగ్లీషులో ఒక పాట చేశారు, అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో 1వ స్థానం వచ్చింది. కొన్ని నెలలకే చాలా భాగం కొరియన్‌లో ఉన్న పాట వదిలితే అది కూడా వస్తూనే 1వ స్థానంలో కూర్చుంది. మాదానికి ఆ రెండోదే ఇష్టం. అంతకుముందు 1963లో క్యూ సకమోటో జపనీస్ పాట అక్కడే మొదటి స్థానానికి వెళ్ళింది. 1984లో నేనా అనే జర్మన్ బ్యాండు బెలూన్ల పాట రెండో స్థానం దాకా పోయింది. దాన్ని ఇంగ్లీషులో కూడా పాడించారు, అయినా అమెరికా వాళ్ళు జర్మన్‌దే నెత్తిన పెట్టుకున్నారు. మా ఆయనైతే జర్మన్‌లో కూరగాయల పేర్లు నేర్చుకోకముందే రామ్‌స్టైన్ అనే జర్మన్ బ్యాండు రాక్ పాటలు కారులో అద్దాలు అదిరేలా పెట్టేవారు. (ఇప్పుడు కొంచెం భాష వచ్చింది కాబట్టి, పిల్ల కారులో ఉంటే కొన్ని పాటలు దాటేస్తారు.)

మా అమ్మ ఇదంతా విని పెద్దగా ఆశ్చర్యపోలేదు. పనసాకులు పుల్లలతో గుచ్చి పొట్టిక్కల (ఆకు బుట్టల్లో ఉడికించే ఇడ్లీల) బుట్టలు కుడుతూ, "మీ తాతయ్య మటుకు? బుధవారం రాత్రయితే రేడియో సిలోన్లో బినాకా గీత్‌మాలా పెట్టుకుని తల ఊపేవారు. హిందీలో మంచినీళ్ళడగడం కూడా రాదాయనకి" అంది మనవరాలితో. ఆ మాటకొస్తే శంకరగుప్తం మాకు దగ్గరే, బాలమురళీకృష్ణ పుట్టిన ఊరు. ఏటా తిరువయ్యారులో త్యాగరాజ పంచరత్నాలు పాడే తమిళుల్లో ఎంతమందికి తెలుగు వచ్చు? అర్థం తెలిశాకే పాడాలంటే అక్కడ సగం గొంతులు మూగబోతాయి.

అసలు విశేషం మా అక్క కూతురి నోట్‌బుక్కులో ఉంది. పైన కెమిస్ట్రీ అని రాసి ఉంటుంది. వెనక పేజీల్నుంచి తిరగేస్తే ఒక వరసలో కొరియన్ అక్షరాలు, కింద వరసలో అదే పాట తెలుగు లిపిలో, నీలం ఇంకుతో. దీర్ఘం లాగాల్సిన చోట ఎర్ర గీత. 15వ శతాబ్దంలో సెజోంగ్ రాజు చేయించిన లిపి అట. హల్లుకి అచ్చు జోడించి ఒక గడిలో పెడతారు, "మన గుణింతమేగా పిన్నీ" అంది. యూట్యూబులో చూసి నేర్చుకుందట.

మాదానికి కొరియన్ లిపీ రాదు, తెలుగు లిపీ రాదు. పాట మాత్రం కావాలి. వాళ్ళక్క దగ్గర కూర్చుని తెలుగు వరసే పట్టుకుంది. జర్మనీలో మా ఊళ్ళో ఆదివారం తెలుగు క్లాసుకి పంపితే కడుపునొప్పి వచ్చే పిల్ల ఇది. మకి, యకి తేడా పట్టుకోవడానికి వారం పట్టింది. ఒత్తు కనిపిస్తే ఇప్పటికీ టెన్షనే. బళ్ళో నేర్పే క్రమంలో రాలేదు కాబట్టి 'ళ' ఇంకా తెలీదు, 'ఙ' లాంటివి నేనూ అడగను.

ఇప్పుడు వాట్సాప్‌లో ఒక పాట ఇటు నుంచి అటు, ఫోటో తీసిన ఒక పేజీ అటు నుంచి ఇటు. మొన్న మా అక్క ఫోన్ చేసి చెడామడా తిట్టింది. "ఏమే, మీ పిల్ల వచ్చెళ్ళిన దగ్గర్నుంచి మా పిల్ల పుస్తకం ముట్టట్లేదు. ఆ విదేశీ పాటలన్నీ మీరే అలవాటు చేశారు." కెమిస్ట్రీ నోట్‌బుక్కు సంగతి నేను ఎత్తలేదు.