లైన్ ఫాలోయర్‌కి ఇంట్లో చేసిన బోర్డు: డిజైన్ నుంచి ఎచింగ్ దాకా

నేల మీది నల్ల గీత వెంబడి తనే నడిచే చిన్న రోబో, అదే లైన్ ఫాలోయర్, చేస్తున్నా. సోల్డర్ లేకుండా వైర్లు గుచ్చే బ్రెడ్‌బోర్డు మీద సర్క్యూట్ అంతా బాగానే ఉండేది, రోబో కదలనంతవరకు. కదిలిందంటే ఏదో ఒక వైరు వదులవడం, సెన్సార్ రీడింగు ఇష్టమొచ్చినట్టు దూకడం, ఒక చక్రం ఆగిపోయి బండి ఉన్నచోటే గిరగిరా తిరగడం. అందుకే బోర్డు ఇంట్లోనే చేద్దామని కూర్చున్నా. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే రెండు పొరల బోర్డు శుభ్రంగా చేసి పంపుతారు, కాదనను, కానీ అది వచ్చేలోపు నా ఉత్సాహం సగానికి సగం చల్లారిపోతుంది.

సర్క్యూట్‌లో కొత్తేమీ లేదు. ఏటీమెగా 328పీ మైక్రోకంట్రోలర్, 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, దానికి రెండు 22 పీఎఫ్ కెపాసిటర్లు, 5 వోల్టులిచ్చే 7805 రెగ్యులేటర్, ఎల్293డీ మోటార్ డ్రైవర్, ముందు గీతని చూడటానికి ఐదు టీసీఆర్‌టీ5000 ఇన్‌ఫ్రారెడ్ సెన్సార్లు. ఎల్293డీ పాతది, దాదాపు రెండు వోల్టులు తానే తినేస్తుందని అందరూ తిడతారు. నిజమే, కానీ నా బ్యాటరీ రెండు 18650 లిథియం సెల్స్, నిండుగా ఉంటే 8.4 వోల్టులు, మోటార్లేమో 6 వోల్టులవి, కాబట్టి అది తినేది నాకు నష్టమేం కాదు. పైగా డయోడ్లు లోపలే ఉంటాయి, విడిగా ఎనిమిది పెట్టి వాటికి పదహారు రంధ్రాలు వేసే పని తప్పింది. ఛానెల్‌కి 600 మిల్లీఆంపులే, ఈ బుల్లి మోటార్లకి అంతకంటే అక్కర్లేదు.

అసలు టైమంతా తిన్నది కైకాడ్ అనే బోర్డు డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో లేఅవుట్. లేజర్ ప్రింట్‌లోని టోనర్‌ని ఇస్త్రీ పెట్టెతో రాగి బోర్డు మీదకి ఎక్కించి, టోనర్ కప్పని రాగిని కెమికల్‌లో కరిగించడం (ఎచింగ్) ఇక్కడి పద్ధతి. ఇంట్లో చేసే బోర్డుకి ఇంటి కొలతలే పెట్టుకోవాలి, ఫ్యాక్టరీ కొలతలు పెట్టుకుంటే టోనర్ దగ్గర దొరికిపోతాం. మామూలు ట్రాకులు 0.8 మిల్లీమీటర్లు, మోటారువి 2, మధ్య ఖాళీ కనీసం 0.5. ఐసీ కాళ్ల మధ్య నుంచి ట్రాక్ దూర్చకూడదని గట్టిగా పెట్టుకున్నా, దారి దొరకని చోట పైనుంచి జంపర్ వేశా, రెసిస్టర్ కాళ్లు కత్తిరించగా మిగిలిన ముక్కలు దానికి చాలు. ప్యాడ్లు గుండ్రంగా కాకుండా పొడుగ్గా పెట్టా, చేత్తో డ్రిల్ చేస్తే బిట్టు కాస్త పక్కకి పోయినా సోల్డర్ పట్టడానికి రాగి మిగలాలి కదా.

గ్రౌండ్ గురించి మాత్రం కొంచెం ఆగి ఆలోచించండి. మోటార్ల కరెంటు, సెన్సార్ల కరెంటు ఒకే దారిలో వెనక్కి వెళ్తే మోటార్ స్టార్ట్ అయినప్పుడల్లా రీడింగులు ఊగుతాయి. అందుకే మోటార్ల గ్రౌండ్‌కి ఒక రాగి పరుపు, సెన్సార్లకి ఇంకొకటి, రెండూ బ్యాటరీ టెర్మినల్ దగ్గర మాత్రమే కలుస్తాయి. ఎల్293డీ నడుమ ఉన్న నాలుగు గ్రౌండ్ కాళ్లే దాని వేడిని బయటికి తెచ్చే దారి కూడా, కాబట్టి అక్కడ రాగి ఎంత వెడల్పు ఉంటే అంత మంచిది. ఇంకో లాభం, కరిగించాల్సిన రాగి తగ్గి కెమికల్ కూడా తక్కువ ఖర్చవుతుంది.

ప్రింట్‌కి యూనివర్సిటీ దగ్గర జిరాక్స్ షాపుకి వెళ్లా. లేజర్ ప్రింటరే కావాలి, సైజు నూరు శాతం, టోనర్ సేవింగ్ ఆపేయాలి. షాపతను కాగితం అటూ ఇటూ తిప్పి "ఏంది సామీ ఇది, ఇంటి ప్లానా?" అన్నాడు. నున్నటి మ్యాగజైన్ కాగితం నేనే పట్టుకెళ్లా (ఇంట్లో దేవుడి క్యాలెండర్ కాగితం ఇంకా బాగుంటుంది కానీ దాని జోలికి వెళ్తే అమ్మ ఊరుకోదు). కింది పొరని (రాగి ఉండే వైపుని) మిర్రర్ చేయకుండానే ప్రింట్ తీయాలి, రాగి మీద బోర్లించినప్పుడు ఎలాగూ తిరగబడుతుంది. కాగితం మీద కింది పొర అక్షరాలు అద్దంలోలాగా ఎడమ కుడి తిరగబడి కనిపిస్తే సరిగ్గా ఉన్నట్టే. ఇస్త్రీకి ముందు అసలు ఐసీని ఆ ప్రింట్ మీద పెట్టి కాళ్లు కలిశాయో లేదో చూడండి.

బోర్డుని స్టీలు పీచుతో, గిన్నెల సబ్బుతో మెరిసేదాకా తోమి, ఆరాక వేలు తగలనివ్వలేదు. ఇస్త్రీ పెట్టె కాటన్ మీద, ఆవిరి బంద్, నాలుగు నిమిషాలు అంచులతో సహా గట్టిగా నొక్కి, కాసేపాగి నీళ్లలో వేశా. కాగితం నానాక బొటనవేలితో రుద్దితే పొరలు పొరలుగా వస్తుంది, గోరు మాత్రం వాడొద్దు. టోనర్ పలచగా ఉన్న చోట పర్మనెంట్ మార్కర్ గీశా.

ఎచింగ్ మిద్దె మీద. మే నెల తిరుపతి ఎండకి ట్యాంకు కుళాయి తిప్పితే చేయి పెట్టలేనంత వేడి నీళ్లొస్తాయి, అవి టబ్బులో పట్టి, రాగిని కరిగించే ఫెర్రిక్ క్లోరైడ్ ఉన్న ఐస్‌క్రీమ్ డబ్బాని అందులో కూర్చోబెట్టా. పొడిని నీళ్లలో కొంచెం కొంచెంగా వేయాలి, పొడి మీద నీళ్లు పోయకూడదు, కలిసేటప్పుడే బాగా వేడెక్కుతుంది. ప్లాస్టిక్ డబ్బానే వాడాలి, స్టీలు, అల్యూమినియం గిన్నెల్ని కూడా అది తినేస్తుంది. గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి, బట్టల మీద పడితే ఆ పసుపు మరక జన్మలో పోదు. బోర్డు వేయగానే మెరుపు పోయి మట్టిరంగు గులాబీకి తిరిగింది. డబ్బాని మెల్లగా ఊపుతూ ఉంటే ముందు అంచుల్లో రాగి మాయమవుతుంది, చివరికి అక్షరాల సందుల్లో మచ్చలు మిగులుతాయి. ఎండకి అడ్డంగా పట్టుకుని చూస్తే ఫైబర్ గుండా వెలుతురు వస్తుంది, ట్రాకులు నల్లగా నిలబడతాయి. అన్నీ విడివిడిగా కనిపించగానే తీసి కడిగేయాలి, ఇంకాసేపు ఉంచితే టోనర్ కింద నుంచి కూడా కొరుకుతుంది.

టోనర్‌ని అసిటోన్‌తో తుడిచి, ఐసీ కాళ్లకి 0.8, బెర్గ్ పిన్నులకి 1, స్క్రూ టెర్మినల్‌కి 1.3 మిల్లీమీటర్ల బిట్లతో రంధ్రాలు వేశా. ఆ సన్న బిట్లు ఇక్కడ దొరక్క, ఏదో పని మీద చెన్నై వెళ్లినప్పుడు రిచీ స్ట్రీట్‌లో కొన్నా. ఫైబర్ దుమ్ము గాజు పొడి, మాస్కు లేకుండా కూర్చోవద్దు. ఒక ట్రాక్‌లో వెంట్రుకంత చీలిక మల్టీమీటర్ బీప్‌లో బయటపడింది, దాని మీద రెసిస్టర్ కాలు ముక్క పడుకోబెట్టి సోల్డర్ చేశా. ఐసీలు బేసుల్లో పెట్టకముందే 5 వోల్టులు వస్తున్నాయా అని చూసుకున్నా, 4.98 వచ్చింది.

సెన్సార్లు నేలకి రెండున్నర మిల్లీమీటర్ల దగ్గర బాగా పనిచేస్తాయి. తెల్ల చార్టు మీద రీడింగు 100 లోపు, నల్ల టేపు మీద 800 దాటుతోంది, ఇప్పుడు మోటార్లు తిరిగినా ఆ అంకెలు ఊగడం లేదు. కిటికీ పక్కన ఎండ పడే చోట మాత్రం తేడా వస్తోంది, ఎండలోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది కదా, సెన్సార్ల చుట్టూ నల్ల అట్ట అంచు కట్టాలి. మిగిలిన ద్రావణం సీసాలో పోసి మూత పెట్టి పేరు రాసి పిల్లలకి అందని చోట పెట్టా, ఇంకో బోర్డుకి వస్తుంది. కరిగిన రాగి ఉంది కాబట్టి దాన్ని కాలువలో మాత్రం పోయకండి.