బవేరియా స్ప్రూస్‌లు, ఉప్పల్ వేపచెట్టు

ఎండిపోయిన చెట్టును చూసి ఎండిందని చెప్పడానికి చదువు అక్కర్లేదు. పచ్చగా ఉన్నప్పుడే దానికి నీళ్లు చాలడం లేదని కనిపెట్టడం నా ఉద్యోగం. నేను పుట్టి పెరిగింది హైదరాబాద్‌లో, ఉప్పల్ వైపు. పనిచేసేది జర్మనీలోని బవేరియా రాష్ట్రంలో, మ్యూనిక్‌కి ఉత్తరాన ఉన్న స్ప్రూస్ అడవుల్లో. స్ప్రూస్ అంటే క్రిస్మస్‌కి దీపాలు కట్టే చెట్టు ఆకారంలో, ఆకుల బదులు సూదులతో ఉండే చెట్టు.

వేసవిలో మా పని తెల్లారకముందే మొదలవుతుంది. రాత్రంతా చెట్టు వేళ్లతో నీళ్లు లాక్కుని పగటి అలసట తీర్చుకుంటుంది. అందుకే సూర్యుడు రాకముందు కొమ్మను పరీక్షిస్తే, వేళ్లకు నేలలో ఎంత తడి అందుతోందో తెలుస్తుంది. తాళ్లతో పైకెక్కిన మనిషి చిన్న కొమ్మ కోసి కింద పడేస్తాడు. దాన్ని ఉక్కు డబ్బాలో పెట్టి, కోసిన మొన ఒక్కటే బయటికి కనబడేలా బిగించి, సిలిండర్ నుంచి నైట్రోజన్ మెల్లగా వదులుతాను. తలకు లైటు, చేతిలో భూతద్దం. మీటర్ ముల్లు కదులుతూ ఉంటుంది. ఉన్నట్టుండి ఆ మొన మీద తడి మెరుస్తుంది. అక్కడే గ్యాస్ ఆపి అంకె రాసుకోవాలి. నీళ్లు చాలిన చెట్టు కొద్ది ఒత్తిడికే ఆ తడి చూపిస్తుంది. దాహంతో ఉన్నదాని దగ్గర ముల్లు ఎంతో దూరం పోవాలి. చూడ్డానికి మాత్రం రెండు కొమ్మలూ ఒకటే పచ్చదనం.

వీడియో కాల్‌లో ఇదంతా విని బాబాయి, "అంటే చెట్లకు బీపీ చూస్తరన్నట్టు బిడ్డా" అన్నాడు. ఇప్పుడు ఎవరడిగినా నేనూ అదే చెబుతున్నాను.

స్ప్రూస్ చల్లటి కొండల చెట్టు. వేళ్లు ఎక్కువగా పైపైనే పరుచుకుంటాయి. త్వరగా పెరుగుతుంది, కలప నిటారుగా వస్తుంది కాబట్టి మైదానాల్లో కూడా వరసలు వరసలుగా నాటారు. రొట్టె పెట్టే చెట్టు అంటారు అక్కడి అడవి యజమానులు. 2018లో వానలు మొహం చాటేశాయి, ఆ తర్వాతి రెండేళ్లూ కరువు వదల్లేదు. నీళ్లు తగ్గగానే స్ప్రూస్ తన సూదుల్లోని రంధ్రాలు మూసేసుకుంటుంది. తడి మిగులుతుంది గానీ తిండి తయారవదు. కరువు ముదిరితే బంక కూడా తగ్గుతుంది. దానికున్న ఆయుధమే ఆ బంక. బెరడు తొలిచే పురుగు సుమారు 5 మిల్లీమీటర్లు ఉంటుంది, అంతే. బలమైన చెట్టయితే దాన్ని బంకలో ముంచి బయటికి నెట్టేస్తుంది. నీరసించిన చెట్టు దొరికితే మగ పురుగు ముందు లోపలికి తొలిచి, వాసనతో మిగతావాటిని పిలుచుకుంటుంది. 2018 మొదలు 2021 ఏప్రిల్ దాకా జర్మనీలో సుమారు 5 లక్షల హెక్టార్ల అడవి పోయిందని ఉపగ్రహ చిత్రాలు తేల్చాయి. పోయినవాటిలో స్ప్రూసే ఎక్కువ.

అక్కడి ఫారెస్టర్ ఒకాయన నాకు చెట్టు మొదట్లో బెరడు పగుళ్లలో, సాలెగూళ్లలో చిక్కుకున్న గోధుమరంగు పొడి, అంటే పురుగు తొలిచిన పొట్టు, చూపించాడు. తల ఎత్తి చూస్తే పైన చెట్టు నిండుగా ఉంది. సూదులు ఎర్రబడేసరికి పురుగులు చాలావరకు ఇంకో చెట్టు చేరిపోతాయట.

నాకు ధైర్యమిచ్చింది ఫ్రైజింగ్ దగ్గర క్రాన్స్‌బెర్గ్ అడవిలో జరిగిన ప్రయోగం. 2014 నుంచి 2018 దాకా, చెట్లు పెరిగే నెలల్లో, వాన నేలకు చేరకుండా చెట్ల కింద కప్పులు వేశారు. 2019లో మళ్లీ నీళ్లు పెట్టారు. స్ప్రూస్‌ల ఎదుగుదల బాగా పడిపోయింది. కానీ చాలా చెట్లు కొత్త రెమ్మలు పొట్టిగా, సూదులు తక్కువగా వేసుకుని, ఖర్చు తగ్గించుకుని నిలబడ్డాయి. ఏ చెట్టుకు ఆ ఓర్పు ఉంది, దేనికి లేదు అన్నదే ఇప్పుడు తేలాల్సింది. అది ఏళ్లు పట్టే పని. మా కాంట్రాక్టులు మాత్రం ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే. అక్కడి చట్టం ప్రకారం యూనివర్సిటీలో గడువు పెట్టిన ఉద్యోగం మామూలుగా పీహెచ్‌డీకి ముందు 6 ఏళ్లు, తర్వాత 6 ఏళ్లు మించకూడదు. వీసా కూడా ఆ కాగితం మీదే నడుస్తుంది. చెట్టు జవాబు చెప్పేలోగా నేను అక్కడ ఉంటానో లేదో అన్న టెన్షన్ రోజూ ఉంటుంది. సాయంత్రం ఒంటి మీద అడవిలో అంటుకున్న గోమార్లు వెతుక్కోవడం కూడా రోజూ ఉండేదే, దానికి అలవాటు పడ్డాను.

2021లో తెలంగాణ అంతటా వేపచెట్లు కొనల నుంచి మాడిపోయినప్పుడు ఇంటి నుంచి ఒకటే ఫోన్లు. కారణం ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం, దానికి తోడు రెమ్మల రసం పీల్చే టీ దోమ అనే పురుగు. తర్వాత కూడా ఆ జబ్బు తిరిగి వస్తూనే ఉంది. ఈసారి సెలవుకు వచ్చేసరికి బాబాయి వాళ్ల గేటు ముందున్న వేపకు మళ్లీ కొనలు నల్లబడ్డాయి. "ఇగ ఇది బతకదు, కొట్టిపిద్దామా?" అన్నాడు. వద్దన్నాను. సూదులన్నీ పోయిన స్ప్రూస్ మళ్లీ లేవదు, కానీ వేప అలా కాదు. కొమ్మ గీరి చూస్తే లోపల పచ్చగానే ఉంది, కిందనుంచి చిగుళ్లు వేస్తోంది. ఎండిన రెమ్మలు కోసి కాల్చేశాం. మొదలు చుట్టూ గేటు దాకా పోసిన సిమెంటు ఒక గజం మేర పగలగొట్టించాం.

వెళ్లేముందు ఒక కొమ్మకు ఎర్ర దారం కట్టాను. నెలకోసారి ఆ కొమ్మకే ఫొటో తీసి పంపమని, వాన పడ్డ తేదీలు క్యాలెండర్ మీద రాయమని బాబాయికి చెప్పాను. పక్కింటి వాళ్ల వేపకు కూడా ఇంకో దారం కట్టొద్దా అని పిన్ని అడిగింది. కట్టాం.