ఇటుక రంగు

శనివారం. పొద్దున బట్టలు ఆరేద్దామని వెనక్కి వెళ్తే, పక్కింటి పెద్దాయన చేతికొక ఇటుక పట్టుకుని తన గోడ ముందు నిలబడి ఉన్నారు. వంటిల్లు వెనక్కి పెంచుకుంటున్నారు. రెండూ గోడకి ఆనించి చూపించి, ఏది కలుస్తుందో చెప్పమన్నారు. ఒకటి కొత్త ఎర్ర ఇటుక. రెండోది ఎక్కడో కూల్చిన గోడలోది, లేత పసుపు, అంచులు అరిగి, ఒక పక్క పాత సున్నం ఇంకా అంటుకునే ఉంది. పసుపుదే బాగుందన్నాను. ఆయన ముఖం విప్పారింది.

మా కాటెన్‌హామ్ ఇంగ్లండులో, కేంబ్రిడ్జికి ఉత్తరాన ఉన్న పల్లె. ఈ చుట్టుపక్కల బంకమట్టిని కాలిస్తే వచ్చే రంగు అది. ఇల్లు కొనేటప్పుడు నాకిదేం తెలియదు. తర్వాత ఈయనే ఒక పుస్తకం ఇచ్చారు. కొత్త ఇళ్ళు ఎలా ఉంటే ఊరు ఊరిలా ఉంటుందో ఊరివాళ్ళే కూర్చుని రాసుకున్నది, 1994లో. 2007లో మళ్ళీ తిరగరాశారు. దాన్ని జిల్లా కౌన్సిల్ ఆమోదించింది కాబట్టి, ఎవరైనా ఇంటి ప్లాన్ పెడితే అధికారులు దీన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. కట్టొద్దని చెప్పే పుస్తకం కాదది. వీధికి ఎంత దగ్గరగా కట్టాలి, కప్పు వాలు ఎలా ఉండాలి, ఊరి చివర పొలాల వైపు నుంచి చూస్తే ఏం కనపడాలి, ఇలాంటివి. చదువుతుంటే ఎవరో తమ ఇంటి గురించి ప్రేమగా చెప్తున్నట్టే ఉంటుంది.

మధ్యాహ్నం నాన్నకి ఫోన్ చేశాను. తెనాలి దగ్గర మా ఊళ్ళో వాన పడిందట, నీళ్ళు వరండాలోకి వచ్చాయట. మళ్ళీ! పాత సిమెంటు రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్తది పోశారు. ఇప్పుడు మా గుమ్మం కంటే రోడ్డే జానెడు ఎత్తు. ఎదురింటివాళ్ళు ఇంటిముందు అరుగు కొట్టేసి మెట్లు కట్టుకున్నారు. సాయంత్రాలు మా నాయనమ్మ చిక్కుళ్ళు ఒలుస్తూ కూర్చున్న అరుగు అది. వినగానే కడుపులో దేవినట్టయింది.

"మనకీ గ్రామసభ ఉందిగా నాన్నా. 1993 నుంచి రాజ్యాంగంలోనే ఉంది. రోడ్డు వేసే ముందు పాతది తవ్వాలని అక్కడ రాయించలేమా?"

"సభలో పింఛన్లూ కుళాయిలే మాట్లాడతారమ్మా. ఊరు ఎలా ఉండాలని ఎవరడుగుతారు?"

పింఛనూ కుళాయీ ముందు రావాల్సిందే, కాదనను. కానీ రోడ్డు ఎత్తు పెరిగితే మునిగేది కూడా ఆ పింఛను తీసుకునేవాళ్ళ ఇల్లే కదా. ఆ మాటే అన్నాను. అడగడానికి ముందు మన దగ్గర ఏముందో రాసి పెట్టుకుందాం, నువ్వు మన వీధితో మొదలుపెట్టు అన్నాను. నాన్న కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, కళ్ళజోడు ఎక్కడుందో చూడమని అమ్మని కేకేశారు.

రాత్రి పడుకోబోతుంటే వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. పాత క్యాలెండర్ వెనక నాన్న గుండ్రటి అక్షరాలు. అరుగులున్న ఇళ్ళు పదకొండు. వేపచెట్లు రెండు. గుమ్మం రోడ్డు కంటే కిందకి పోయిన ఇళ్ళు తొమ్మిది, ఒక్కొక్కటి ఎన్ని అంగుళాలో పక్కనే. అడుగున చిన్నగా రాశారు: "రేపు చెరువు వీధి."